సినిమాకు పనికిరాని చేతులు

ఇంకొకరిని మెచ్చుకుంటే మిట్టూరు లీలావతికి ఒళ్ళు మండుతుంది. ఇది గిట్టనివాళ్ళు వేసిన నింద కాదు, కన్నకూతురిలా చూసుకునే అత్త యశోదమ్మే నవ్వుతూ వీధంతా చెప్పే మాట. పక్కింటి పాపకు మార్కులు బాగా వచ్చాయంటే లీలావతికి ఆ పూట అన్నం సయించదు. తోటికోడలి చీర బాగుందని ఎవరైనా అంటే, ఆ చీర రంగు ఎన్ని ఉతుకులకు పోతుందో లెక్కగట్టి చెబుతుంది. మొగుడు మునిచంద్ర బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఆయన తన మేస్త్రీని మెచ్చుకున్నా ఈమె ఓర్చుకోలేదు. ఇంత కుళ్ళు పెట్టుకున్న మనిషి పనిలో మాత్రం నిప్పు.

పనంటే చిత్తూరులో ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరు పని. అంతకు ముందు అదే ల్యాబులో ఆమె నాయన వెంకటముని అటెండరు. ఆయన ఉద్యోగంలో ఉండగానే పోతే, ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న కూతురికి ఆ పని ఇచ్చారు. ఇది జరిగి ఇరవై మూడేళ్ళు. మొదటి ఏడాది సీసాలు కడిగింది. రెండో ఏడు లెక్చరర్లు చేసేది ఓరకంట చూసింది. మూడో ఏటికల్లా లెక్చరర్లు ఆమె చేసేది ఓరకంట చూడడం మొదలుపెట్టారు.

బ్యూరెట్ అని ఒక పొడుగాటి గాజు గొట్టం ఉంటుంది, దానికి కింద చిన్న కుళాయి. ఎడమచేత్తో ఆ కుళాయి తిప్పుతూ, కుడిచేత్తో కింద ఫ్లాస్కును గుండ్రంగా ఊపుతుండాలి. చుక్క వెంట చుక్క పడుతూ పడుతూ ఏదో ఒక చుక్కకు ఫ్లాస్కులో రంగు తిరుగుతుంది. సరిగ్గా ఆ చుక్క దగ్గర ఆపాలి. ఒకటి తక్కువైనా లెక్క తప్పే, ఒకటి ఎక్కువైనా తప్పే. పిల్లలు చివరికొచ్చేసరికి కంగారుపడి సర్రున వదిలేస్తారు, ఫ్లాస్కు బీట్‌రూట్ నీళ్ళయిపోతుంది. లీలావతి చెయ్యి పడితే మాత్రం కనీకనపడని లేత గులాబి. కింద తెల్లకాగితం పెట్టుకుని చూస్తే తప్ప తెలియదు.

ప్రాక్టికల్ పరీక్షల పొద్దు, పిల్లలకంటే ముందు ఎవరో ఒకరు ఆ ప్రయోగం చేసి అసలు కొలత ఎంతో రాసిపెట్టుకోవాలి. పిల్లల లెక్కలన్నీ దాంతోనే సరిచూస్తారు. రాతకోతల్లో అది లెక్చరర్ల పని. చేసేది లీలావతి, సంతకం వాళ్ళది. పరీక్షకిచ్చిన పొడి ఏ ఉప్పో కనుక్కోలేక పిల్లలు ఆమె చుట్టూ తిరిగి, "మేడం, మా ఉప్పులో ఏముండాది, రొంత చెప్పండి" అని బతిమాలుతారు. చెప్పదు. "మళ్ళీ కడుక్కోని మొదట్నించి చెయ్యి" అంటుంది. తెలివైన పిల్ల అయితే తను రాసింది తప్పని ఆ మాటతోనే తెలుసుకుంటుంది. ల్యాబు బయట గోడకు చెక్కబోర్డు మీద నాలుగు పేర్లున్నాయి, అందరూ లెక్చరర్లు. రోజూ పొద్దున ఆ బోర్డు మీద దుమ్ము తుడిచేది ఆమె. జీతం కాగితం మీద తప్ప తన పేరు ఎక్కడా లేదన్నది ఆమెకు లోపల ముల్లు. ఎక్కడో ఒకచోట, నలుగురూ చదివేచోట, ఒక్కసారి రాసి ఉంటే చాలనుకునేది.

ఇక ఆమె చేతులు. పర్మాంగనేటు పట్టి గోళ్ళన్నీ గోధుమరంగు. నైట్రిక్ ఆసిడ్ చింది కుడి బొటనవేలు పసుపచ్చ. వేళ్ళ మధ్య సిల్వర్ నైట్రేటు నల్లమచ్చలు, ఏ సబ్బుకూ లొంగవు. పెళ్ళిళ్ళలో గోరింటాకు పెట్టేవాళ్ళు ఆ చేతులు చూసి వెనక్కి తగ్గేవారు. లీలావతికి అదేమీ చిన్నతనం కాదు. ఆ మచ్చలన్నీ పని ఇచ్చిన మచ్చలు, ఏది ఏ ఏడు అంటిందో కూడా చెప్పగలదు.

మూడేళ్ళ కిందట నిస్సీ వచ్చింది. పలమనేరు పిల్ల, బీయస్సీ చదివింది. వాళ్ళ నాయన ఇమ్మానుయేల్ ఆవుల్ని పెట్టుకుని పాలు పోస్తాడు. అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం కనక ఏడాదికొకసారి ప్రిన్సిపాల్ సంతకం పెడితేనే నిలుస్తుంది. ఆ పిల్ల గ్లౌజులు లేనిదే సీసా ముట్టదు, సాయంత్రం బస్సెక్కే ముందు చేతులకు క్రీము రాసుకుంటుంది. లీలావతి మొదట్లో ముక్కు విరిచింది గానీ నేర్పడంలో లోటు చేయలేదు. ఎడమచెయ్యి ఎక్కడ పెట్టాలో, ఫ్లాస్కు ఎంత ఊపాలో, ఏ చుక్క దగ్గర ఊపిరి బిగపట్టాలో అన్నీ చెప్పింది. నిస్సీ అక్కా అక్కా అంటూ వెంట తిరిగి అన్నీ పట్టుకుంది.

కుళ్ళు మొదలైంది నిస్సీ ఫోన్లో వీడియోలు తీయడం మొదలుపెట్టినప్పుడు. హైడ్రోజన్ పెరాక్సైడులో సబ్బునీళ్ళు కలిపి, ఇంకేదో చిటికెడు వేసి, జాడీలోంచి నురగ బుస్సున పైకప్పు దాకా లేపింది. అంతే, కామర్సు పిల్లలు కూడా వచ్చి కిటికీలకు వేలాడారు. "నిస్సక్కా, ఇంగోసారి!" అని గోల. ఇరవై మూడేళ్ళలో లీలావతి లేత గులాబిని చూడడానికి ఒక్కడైనా కిటికీ దగ్గర ఆగాడా? నురగలో ఏముంది, గుడ్డలుతికే తొట్టిలో లేదా? ఆ మధ్యాహ్నం నురగ తుడుస్తూ లీలావతి పళ్ళు నూరుకుంది. తుడవాల్సింది కూడా తనే.

పోయిన ఫిబ్రవరిలో సినిమావాళ్ళు వచ్చారు. సినిమా కాదు, ఫోన్లలో చూసే వెబ్ సిరీస్. ఊరి నీళ్ళలో కలిసిన విషాన్ని ఒక ఆడ సైంటిస్టు కనిపెట్టే కథ. నల్లచెక్క బల్లలు, గోధుమరంగు సీసాలు ఉన్న పాతకాలం ల్యాబు వెతుక్కుంటూ వచ్చి, ఈ కాలేజీ చూసి పడిపోయారు. హీరోయిన్ భానుశ్రీకి ఎంత చూపించినా బ్యూరెట్‌ను నీళ్ళ కుళాయిలా తిప్పుతోందట. కాబట్టి దగ్గరగా చేతులు చూపించే షాటులో వేరేవాళ్ళ చేతులు పెట్టాలనుకున్నారు. చేతులు ఇచ్చినవాళ్ళ పేరు కూడా చివర్లో తెరమీద వేస్తామన్నారు.

ప్రిన్సిపాల్ ముందురోజే లీలావతిని పిలిచి, "రేపు సినిమావాళ్ళకు నువ్వే చెయ్యాల. నిన్ను మించినోళ్ళు ఈ ల్యాబులో ఎవురుండారు?" అన్నాడు.

ఆమె ఆ సాయంత్రం ఇంటికి నడిచి రాలేదు, తేలుతూ వచ్చింది. అత్తతో చెప్పింది. యశోదమ్మకు చెబితే వీధిలో మైకు కట్టినట్టే. దీపాలు పెట్టే వేళకు మిట్టూరులో సగానికి లీలావతి సినిమాలో వస్తోందని తెలుసు. "ఏమ్మే లీలా, పేరు గూడా ఏస్తారంటనే?" అని ఎదురింటామె అడిగితే, "ఏస్తారంటక్కా" అని ఏమీ పట్టనట్టు చెప్పి లోపలికొచ్చి, అద్దం ముందు నిలబడి నవ్వుకుంది.

తెల్లారి ల్యాబుకు వెళ్ళేసరికి అది ల్యాబులా లేదు. సినిమావాళ్ళు ఫ్లాస్కులన్నిటిలో ఎర్రనీళ్ళు, పచ్చనీళ్ళు, నీలం నీళ్ళు పోసి వరసగా పెట్టారు. బల్ల కిందనుంచి తెల్లటి పొగ.

"ఇది ల్యాబా, శరబత్తు అంగడా?" అంది లీలావతి, నిస్సీ చెవిలో. నిస్సీ కిసుక్కున నవ్వింది. అదే ఆ రెండు రోజుల్లో వాళ్ళిద్దరూ కలిసి నవ్విన చివరి నవ్వు.

డైరెక్టరు చక్రధర్‌కు ముప్పై ఏళ్ళుంటాయేమో. మర్యాదస్తుడే, అమ్మా అనే పిలిచాడు. "నీళ్ళలాంటి దాంట్లో నీళ్ళలాంటిదే పడాలి, ఉన్నట్టుండి రంగు రావాలి. అలాంటిది ఉందా అమ్మా?" అన్నాడు. ఎందుకు లేదు? ఫ్లాస్కులో ఆసిడ్ పోసి, రంగు తిరిగే మందు రెండు చుక్కలు వేసి, బ్యూరెట్‌లోంచి క్షారం వదిలితే గులాబి రంగు పుడుతుంది. మామూలుగా వాళ్ళ ల్యాబులో బ్యూరెట్‌లో పోసేది ఆసిడే, క్షారం పోస్తే గాజు కుళాయి బిగుసుకుపోతుంది. సినిమా కోసం ఈ ఒక్కసారికి తిరగేద్దామంది లీలావతి. చక్రధర్ సరేనన్నాడు. ఆమె కొంగు నడుముకు దోపి, బ్యూరెట్ ముందు నిలబడి, రెండు చేతులూ ముందుకు చాపింది.

కెమెరా దగ్గరికొచ్చింది. పెద్ద తెర మీద ఆమె చేతులు కనిపించాయి. చక్రధర్ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఏమనుకోకండి. హీరోయిన్ పెద్ద సైంటిస్టు. సైంటిస్టు చేతులు ఇలా ఉంటాయా? జనం నమ్మరు."

మేకప్ ఆమెను పిలిచి అడిగితే, ఈ మరకలు కప్పాలంటే చాలాసేపు పడుతుంది, లైట్లకు కరిగిపోతుంది కూడా అంది. చక్రధర్ చుట్టూ చూశాడు. సీసాలు అందిస్తూ నిస్సీ నిలబడి ఉంది. "మీరు గ్లౌజులు తీయండి" అన్నాడు. తీసింది. తెల్లగా, పొడుగ్గా, ఒక్క మచ్చ లేకుండా ఉన్నాయి వేళ్ళు. అవి చూడగానే కెమెరా మనిషి బొటనవేలు పైకెత్తాడు.

ఇరవై మూడేళ్ళు సైన్సు అంటుకుని అంటుకుని అట్లయిన చేతులు సైన్సు చేతుల్లా లేవట! లీలావతి చేతులు కొంగులో చుట్టుకుని గోడకు జరిగింది. "అక్కా, నేను చెయ్యనంటాను" అని నిస్సీ దగ్గరికొచ్చి గొణిగింది. "యాల చెయ్యవు? చెయ్, చెయ్. నీకు రాసిపెట్టినట్టుండాది" అంది లీలావతి. ఆ మాటలో విషం ఎంతుందో నిస్సీకి తెలియకపోలేదు. సినిమావాళ్ళు తొందర చేస్తుంటే వెళ్ళి నిలబడింది.

అక్కడితో అయిపోయినా లీలావతి ఏడ్చుకుని ఊరుకునేదేమో. రిహార్సల్లో ఇంకోటి జరిగింది. నిస్సీ కుళాయి తిప్పుతుంటే ఎడమచేతి చిటికెనవేలు నిటారుగా పక్కకు నిలిచింది. చక్రధర్ కుర్చీలోంచి లేచాడు. "ఆ వేలు చూడండి! ఎంత స్టైలుగా పెట్టింది! ఆ వేలు అలాగే ఉండాలి, ఫోకస్ దాని మీదే."

లీలావతి తన ఎడమచెయ్యి కొంగులోంచి తీసి చూసుకుంది. పదేళ్ళప్పుడు మండీలో మామిడికాయల పెట్టె మీద పడి ఆ వేలు విరిగింది, అప్పట్నించి వంగదు. అది వంగక అట్లా నిలబడితే, కుళాయి తిప్పడం అంటే అదే పద్ధతి కామోసని నిస్సీ నేర్చుకుంది. నిస్సీ ఒక్కతే కాదు, ఆ కాలేజీలో చదివి పోయిన పిల్లలంతా బ్యూరెట్ ముందు చిటికెనవేలు చాపేవాళ్ళే. ఎందుకో ఎవరికీ తెలియదు. ఆమె అవిటి వేలు ఇంకొకరి చేతికి వెళ్ళి అందమైంది. ఆమె దగ్గరుంటే మాత్రం పనికిరాదు! చేతులు పోతే పోయాయి, ఆ వేలు కూడా తనది కాకుండా పోయేసరికి లీలావతికి కళ్ళు బైర్లు కమ్మాయి.

మర్నాడు పొద్దున అసలు షాటు. ఎప్పటిలాగే ద్రావణాలు నింపే పని లీలావతిది. ల్యాబులోకి ఇంకా ఎవరూ రాలేదు. బల్ల మీద రెండు సీసాలు, రెండూ నీళ్ళలాగే ఉంటాయి. ఒకటి క్షారం, ఒకటి ఆసిడ్. చెయ్యి ఆసిడ్ సీసా మీదికి వెళ్ళింది. రోజూ పోసేది అదే కదా, ఎవరైనా అడిగితే అలవాటులో పోసేశానంటే సరిపోతుంది. మనసు ఆ సాకు చెబుతుండగానే చెయ్యి బ్యూరెట్ నిండుగా ఆసిడ్ పోసేసింది. ఇంక ఆ చిటికెనవేలు ఎంత స్టైలుగా నిలబడినా, సాయంత్రం దాకా వదిలినా రంగు రాదు.

రాలేదు. లైట్లు వేశారు, అందరూ ఊపిరి బిగపట్టారు, చుక్కలు పడ్డాయి, ఫ్లాస్కులో నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. రెండోసారి, మూడోసారి, అయిదోసారి. చక్రధర్ మర్యాద కరిగిపోయింది. "ఏమిటండీ ఇది? నిన్న వచ్చింది కదా! ఈ ఒక్క షాటుకు పూటంతా పోతోంది!" ప్రిన్సిపాల్ పరిగెత్తుకొచ్చాడు. నిస్సీ మొహాన చెమట. గోడ పక్కన లీలావతికి మాత్రం కడుపులో చల్లగా ఉంది. అబద్ధమెందుకు, పండగలా ఉంది.

నిస్సీ బ్యూరెట్ కింద ఒక చుక్క పట్టి, జేబులోంచి నీలం లిట్మస్ కాగితం తీసి ముంచింది. అది ఎర్రబడింది. ఎర్రబడిందంటే ఆసిడ్. అది గమనించింది ఆ గదిలో ఇద్దరే. నిస్సీ తలెత్తి నేరుగా లీలావతి వైపు చూసింది. కాగితాన్ని పిడికిట్లో నలిపేసింది.

"నాదే తప్పు సార్. అలవాటుగా బ్యూరెట్‌లో ఆసిడ్ పోసేసినాను."

లీలావతి తన కోసం దాచిపెట్టుకున్న సాకు అది. నిస్సీ నోట్లోంచి వచ్చింది.

"బుద్ధుండాదా నీకు?" ప్రిన్సిపాల్ అందరిముందూ అరిచాడు. "కాలేజీ పరువు తీస్తావా? ఇంత నిర్లక్ష్యం ఉంటే జూన్లో నీ కాగితం మీద నేనెట్ల సంతకం పెట్టేది?"

లీలావతి నోరు తెరవడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణం దాటిపోయింది, దాని తర్వాతది కూడా. చేతులు మారిన సంగతి తెలియని ప్రిన్సిపాల్, నిస్సీ సీసాలు నింపే పనిలోనే ఉందనుకుని, విసవిసా వెళ్ళిపోయాడు. ఇంతలో భానుశ్రీ కుర్చీలోంచి లేచి వచ్చి నిస్సీ భుజం మీద చెయ్యి వేసి, "ఏం కాదు, నాకూ రోజూ తప్పులొస్తాయి" అని ఓదార్చింది. అది చూసి లీలావతికి మళ్ళీ మండింది. తిట్లు తిన్నా దానికే ఓదార్పు, తనకేమో గోడ! చెడ్డ పని చేసింది తనైతే, మనుషుల మనసు గెలిచింది మళ్ళీ నిస్సీయే.

బ్యూరెట్ కడిగి క్షారం పోసుకుని నిస్సీ మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి రంగు పుట్టింది. లేత గులాబి దగ్గర నిస్సీ చెయ్యి దానంతటదే ఆగింది. "కెమెరాకు కనపడటం లేదు, ఇంకా వదులు, ఇంకా!" అని చక్రధర్ కేక. "ఈడికి ఆపేదే కరెక్టు సార్" అంది నిస్సీ. "కరెక్టు ఎవడిక్కావాలమ్మా, కనపడాలి!" అన్నాడాయన. నిస్సీ గోడవైపు చూసింది, ఏం చెయ్యమంటావక్కా అన్నట్టు. లీలావతి మొహం తిప్పుకుంది. నిస్సీ కుళాయి వదిలేసింది. ఫ్లాస్కు ఎర్రగా మారిపోతే అందరూ చప్పట్లు కొట్టారు.

వెళ్ళేముందు సినిమా మేనేజరు ఒక కాగితం తెచ్చి, తెరమీద వేయడానికి పేరు రాసిమ్మన్నాడు. నిస్సీ బల్ల మీద వంగి రాస్తుంటే లీలావతి చూడలేక సీసాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ తర్వాత నాలుగు నెలలు ఒకే గదిలో పనిచేశారు. మాట్లాడుకున్నది సీసాల పేర్లు మాత్రమే. నిస్సీ ఆ రోజు సంగతి ఎత్తలేదు, వీడియోలు తీయడం కూడా మానేసింది. ఆ పిల్ల ఒక్కమాట నిలదీసి అడిగి ఉంటే, లీలావతి పదిమాటలు తిట్టి తేలికపడేది. అడగదే! మిట్టూరులో మాత్రం లీలావతి అసలు సంగతి చెప్పలేదు. "తీసినారు, ఉంచుతారో కోసేస్తారో" అని నాన్చింది. కోసేస్తే బాగుండునని రోజూ దండం పెట్టుకుంది.

కోయలేదు. జూన్ మొదటి ఆదివారం మధ్యాహ్నం సిరీస్ వచ్చింది. మునిచంద్ర ఫోను టీవీకి తగిలించాడు. వీధి ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. లీలావతి వంటింటి గడప దగ్గర, పారిపోవడానికి వీలుగా నిలబడింది. మూడో భాగంలో ల్యాబు వచ్చింది. పొగ, రంగునీళ్ళు, తర్వాత తెరనిండా తెల్లటి చేతులు. చుక్క పడింది. ఫ్లాస్కు నీలంగా, ట్యూబులైటులా వెలిగిపోయింది. వీళ్ళు చచ్చీచెడీ పుట్టించిన గులాబిని తర్వాత కంప్యూటర్లో నీలం చేసేశారు.

"ఇంత తెల్లగుండాయే, ఇయ్యి నీ చేతులేనా కోడలా?" అంది యశోదమ్మ.

లీలావతి చేతులు కొంగులో దాచుకుంది. "మేకప్పేసినార్లే అత్తా" అంది. చివర్లో పేర్లొస్తాయి, అప్పుడు నిస్సీ పేరు పడుతుంది, వీధి మొత్తం చదువుతుంది. స్టవ్ మీద పాలున్నాయని చెప్పి లోపలికి తిరిగింది. వెనకనుంచి చప్పట్లు. "వచ్చినాది, వచ్చినాది! లీలా, రామ్మే సూడు!" మునిచంద్ర తెరను ఆపి ఉంచాడు. పేర్ల వరసలో, 'ల్యాబ్ దృశ్యాల్లో చేతులు' అని ఉంది. దాని పక్కన, 'మిట్టూరు లీలావతి'.

ఎదురింటామె బుగ్గలు పుణికింది. యశోదమ్మ కళ్ళు తుడుచుకుంది. ఇరవై మూడేళ్ళుగా కోరుకున్నది తెరమీద కదలకుండా నిలబడి ఉంటే, లీలావతికి దాన్ని రెండోసారి చదవడానికి ధైర్యం చాలలేదు. ఆ పేరు రాసింది ఎవరో ఆమెకు తెలుసు. మనిషికి అంతకంటే పెద్ద చెంపదెబ్బ ఉంటుందా?

సోమవారం ల్యాబులో పిల్లలు చుట్టుముట్టారు. నందిని అనే ఆఖరేడాది పిల్ల ఫోను పక్కన లీలావతి చెయ్యి పెట్టి పోల్చి చూసి, "మేడం, ఇంత తెల్లగా ఎట్ల వచ్చినాయి?" అంది. లీలావతి నోరు తెరిచేలోపల, బ్యూరెట్లు కడుగుతున్న నిస్సీ తల తిప్పకుండానే, "గంటసేపు మేకప్పేసినారు మా అక్కకు" అంది. నిన్న తను ఇంట్లో చెప్పిన అబద్ధమే. అది కూడా ఈ పిల్ల తన తరఫున చెప్పేసింది.

పిల్లలు వెళ్ళాక లీలావతి వెళ్ళి ఎదురుగా నిలబడింది. "నా పేరెందుకు రాసినావు?"

"నాకు వచ్చిన పనంతా నీదే కదక్కా."

"ఆ పొద్దు ఆసిడ్ పోసింది నేనని తెలిసి గూడా?"

"తెలిసే రాసినా. నీకు ఎంత కష్టమనిపిచ్చుంటే అట్ల చేస్తావు!" నిస్సీ బ్యూరెట్ బోర్లించి పెట్టింది. "ఇడిసిపెట్టక్కా. ఈ నెలాఖరుకు నేను పోతాండా. ఫైల్లో నిర్లక్ష్యం అని రాసినారంట, ఇంగ సంతకం పెట్టరు. మా నాయనకు పాల పనిలో సాయంగా ఉంటాను."

ఆ పిల్ల గొంతులో కోపం వెతికింది లీలావతి. ఒక్క చుక్క లేదు. ఉంటే ఎంత బాగుండేది! చదువులో తనకంటే మీద, రూపంలో మీద, వయసులో చిన్నది. అన్నీ ఓర్చుకుంది కదా, ఇప్పుడు మంచితనంలో కూడా ఇదే మీదనా? ఉద్యోగం పోగొట్టుకుని మహాతల్లిలా పలమనేరు బస్సెక్కుతుందట, తను ఇక్కడ జన్మంతా దీని దయ మింగుతూ సీసాలు కడగాలట! లీలావతికి పాదం నుంచి తల దాకా భగ్గుమంది. కొంగు దోపుకుని బయటికి నడిచింది.

ప్రిన్సిపాల్ ఏదో ఫైలు చూస్తున్నాడు. ఆమెను చూసి నవ్వాడు. "రా లీలావతీ, టీవీలో నీ పేరు మా ఇంట్లో కూడా చదివినారు."

"ఆ చేతులు నావి కాదు సార్, నిస్సీవి. ఆ పొద్దు బ్యూరెట్‌లో ఆసిడ్ పోసింది నేను."

"అలవాటులోనా?"

"కాదు. తెలిసే పోసినాను."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఎందుకు?"

"కుళ్ళుతో సార్."

ఆయన ఒక తెల్లకాగితం ముందుకు తోసి, చెప్పిందంతా రాసి సంతకం పెట్టమన్నాడు. మెమో వస్తుందని, ఇన్నేళ్ళ సర్వీసులో ఇది మచ్చగా ఉండిపోతుందని, వెబ్ సిరీస్ వాళ్ళకు కూడా రాయాల్సి వస్తుందని చెప్పాడు. ఉండనీ అంది. నిలబడే రాసింది. నిస్సీ ఫైలు తెప్పించి తన ఎదుటే 'నిర్లక్ష్యం' అన్న మాట కొట్టేసేదాకా కదలనంది. ఆయన విసుక్కుంటూనే తెప్పించి, కొట్టేసి, కింద సంతకం పెట్టాడు.

సంగతి ఆమెకంటే ముందే వరండాలోకి పాకింది. లీలావతి మెట్లు దిగుతుంటే నిస్సీ తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది. కళ్ళనిండా నీళ్ళు.

"ఎందుకు చెప్పినావక్కా? మిట్టూరులో నీ మొగం ఎట్ల చూపిస్తావు? నేను పోతానంటి కదా!"

"పోతావా? పోయి దేవతవైపోదామనుకున్యావా?" లీలావతి ఆగకుండా ల్యాబు వైపు నడుస్తూ అంది. "చేతులు నీవే, వేలు నీదే, చప్పట్లు నీకే. మంచితనం గూడా నువ్వే కొట్టేస్తే నాకేం మిగుల్తాదే?"